బిజినెస్ పెడతానని మీ దగ్గరికి వచ్చినోళ్ళతో ఎలా కూర్చోవాలి

"అన్నయ్యా, ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా పెడదామనుకుంటున్నా, మీరేమంటారు" అని ఎవరో ఒకరు మీ దగ్గరికి వస్తారు. మీరు మా విశాఖ స్టీల్ ప్లాంట్లో చేసి రిటైరయ్యుండొచ్చు, బ్యాంకులో ఉండొచ్చు, డ్వాక్రా గ్రూపు లీడర్ అయ్యుండొచ్చు, గాజువాకలో పదేళ్ళుగా షాపు నడుపుతూ ఉండొచ్చు. ఏదైనా గానీ వాళ్ళు మిమ్మల్ని నమ్మి వచ్చారు. అప్పుడు మనం చేసే మొదటి తప్పేంటంటే వెంటనే ఐడియా మీద తీర్పు చెప్పేయడం. "సూపర్ రా, పెట్టెయ్" అన్నా తప్పే, "ఎందుకు బాబూ, ఉన్న ఉద్యోగం చూసుకో" అన్నా తప్పే, ఎందుకంటే ఆ మనిషి ఏం చేయగలడో మనకింకా ఏమీ తెలీదు.

నేను కొన్నేళ్ళుగా ఆదివారాలు ఇదే పని చేస్తున్నా, ఫీజు లేదు, తెలిసినవాళ్ళ ద్వారా వస్తారు, మా ఇంటి వరండాలోనే కూర్చుంటాం. మొదట్లో ఒక కుర్రాడికి మాటల్లో హుషారు చూసి "బాగుంటుందిరా" అనేశాను. వాళ్ళ నాన్నగారి పీఎఫ్ డబ్బులు పెట్టి షాపు తెరిచాడు, ఏడాది తిరక్కుండా మూసేశాడు. నేను ఆరోజు ఒక్క లెక్క కూడా అడగలేదు, అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పట్నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నా, నోటితో చెప్పింది లెక్కలోకి తీసుకోను, చేసింది చూపిస్తే తీసుకుంటా. స్కిల్ అయినా అంతే, ఐడియా అయినా అంతే. మీరు కూడా ఎవరికైనా దారి చూపించే పనిలో ఉంటే ఈ పద్ధతి ట్రై చేయండి.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఐడియా గురించి ఎక్కువసేపు మాట్లాడనివ్వను. కష్టమే, ఎందుకంటే వాళ్ళు అది చెప్పడానికే వచ్చారు, గొంతు దాకా ఉంటుంది. ఒక పది నిమిషాలు విని, "సరే, అది వచ్చే వారం చూద్దాం, ముందు మీ గురించి చెప్పండి" అంటాను. ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకోమంటా, అందులో వాళ్ళ చేత్తోనే రాయిస్తా, నేను రాయను. పెళ్ళైనవాళ్ళైతే ఇద్దర్నీ రమ్మంటా. ఇది నేను చాలా గట్టిగా చెప్తాను, ఎందుకంటే వ్యాపారం ఒక్కరి పేరు మీద పెట్టినా దాని బరువు ఇంట్లో అందరి మీదా పడుతుంది, పైగా ఒకరు దాచింది ఇంకొకరు చెప్పేస్తారు, చీటీ బాకీలు, బంగారం తాకట్టులో ఉన్న సంగతి, అన్నీ.

"మీకేం వచ్చు" అని అడిగితే ఎవరికీ జవాబు రాదు. "కమ్యూనికేషన్ బాగుంటుంది సార్, కష్టపడతాను సార్" అంటారు, ఇంటర్వ్యూలో చెప్పినట్టు. అందుకని ప్రశ్న మార్చండి. పోయిన మూడు నెలల్లో మీ చేత్తో పూర్తిచేసిన పని ఏంటి? దానికి ఎవరైనా డబ్బులిచ్చారా? మీరు అడక్కుండానే ఎవరైనా మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి చేయించుకున్న పని ఏదైనా ఉందా? ఈ మూడూ నోట్‌బుక్కులో వేరువేరుగా రాయించండి. మూడోదాంట్లో ఒక్కటి ఉన్నా సరే, అక్కడే గట్టి నేల ఉంది. మర్రిపాలెం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి బ్యూటీ పార్లర్ పెడతానంది, రాయిస్తే మూడో వరసలో పార్లర్ పని ఒక్కటీ లేదు, కానీ అపార్ట్‌మెంట్లో ఆరుగురు ఆడవాళ్ళు బ్లౌజులకి మగ్గం వర్క్ చేయించుకోడానికి తన దగ్గరికే వస్తున్నారట. అది తనకి స్కిల్‌లా అనిపించలేదు, "అదేదో టైంపాస్‌కి చేస్తానండి" అంది. ఈజీగా వచ్చేసిన పనిని మనవాళ్ళు లెక్కలోకి తీసుకోరు, అది గుర్తుపట్టి చెప్పడమే మీ పని.

ఇప్పుడు ఆటోనగర్లో పదమూడేళ్ళు వెల్డర్‌గా చేసిన ఒకాయన సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే స్కిల్ చూడడమంటే ఏంటో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నా. సొంతంగా ఫాబ్రికేషన్ షెడ్ వేస్తానన్నారు. పనితనం గురించి డౌటే లేదు, ఫోన్లో ఫోటోలు చూపించారు. నేను ఒక్క హోంవర్క్ ఇచ్చాను. పది అడుగుల వెడల్పు ఐదడుగుల ఎత్తు గేటు, బీచ్ దగ్గర ఇల్లు, కొటేషన్ రాసుకురండి అని. రాసుకొచ్చారు. ఇనుము బరువు కరెక్టుగా కట్టారు, కేజీకి ఇంత అని మజూరీ వేశారు, ప్రైమర్ రెండు కోటింగులు వేశారు. ఎందుకు రెండు అంటే "ఉప్పు గాలి కదండీ, ఒక కోటు వేస్తే రెండో వానాకాలానికే తుప్పు లేచిపోద్ది" అన్నారు. చూడండి, అదీ నేను వెతికే స్కిల్, పుస్తకంలో దొరకనిది. కానీ కొటేషన్లో వెల్డింగ్ రాడ్లు లేవు, కటింగ్ వీల్స్ లేవు, కరెంటు లేదు, ట్రాలీ ఆటో కిరాయి లేదు, ఫిట్టింగుకి పోయే ఒక పూట కూలీ లేదు. ఇన్నేళ్ళూ అవన్నీ ఓనర్ చూసుకున్నాడు కదా, ఈయన కంటికి కనపడలేదు, అంతే. అవన్నీ కలిపాక ఆయన రాసిన రేటుకి మిగిలేది దాదాపు ఏమీ లేదు.

ఇంకోటి అడిగాను, మీకు రావాల్సిన డబ్బులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని. నలుగురి దగ్గర ఉన్నాయి, సెలవు రోజుల్లో సొంతంగా చేసిన పనులవి. ఎందుకు అడగలేదు అంటే మొహమాటం. అంటే ఈయనకి తయారీ వచ్చు, లెక్క సగం వచ్చు, వసూలు అస్సలు రాదు. ఏ వ్యాపారమైనా ఈ నాలుగూ కావాలి, తయారుచేయడం, అమ్మడం, లెక్క, వసూలు. నాలుగూ ఒకే మనిషికి రావాలని రూలేం లేదు, నేనైతే అలాంటి వాళ్ళని ఒకరిద్దరినే చూశాను. లేనిదాన్ని నేర్చుకుంటారా, ఇంకో మనిషి దగ్గర నుంచి తెచ్చుకుంటారా, లేకపోతే దాని అవసరమే రాకుండా పద్ధతి మార్చుకుంటారా, ఇది అడగండి. వాళ్ళావిడ డిగ్రీ చదివారు, లెక్క పుస్తకం ఆవిడ తీసుకున్నారు. సగం అడ్వాన్సు, మిగతాది గేటు బిగించేరోజే, అలా అయితేనే పని ఒప్పుకోవాలని ఇద్దరూ అనుకున్నారు. ఇక మొహమాటం పడాల్సిన సందర్భమే సగం తగ్గిపోయింది.

స్కిల్ తర్వాత ఇంటి సంగతి. ఇది అడగడానికి చాలామంది ఇబ్బంది పడతారు, కానీ అడక్కపోతే మిగతా అంతా వేస్ట్. నెలకి ఇంటి ఖర్చు ఎంత, ఈఎంఐలు ఎంత, పిల్లల ఫీజులు ఏ నెలలో కట్టాలి, ఇంట్లో ఇంకెవరికైనా జీతం ఉందా. టిఫిన్ బండి పెడతానంటే పొద్దున్న మూడున్నరకి లేచి పిండి, చట్నీ చూసేదెవరు, ఒంట్లో బాగోకపోతే ఆరోజు ఎవరు. చివరికి ఒక్క ప్రశ్న: "ఈ డబ్బు మొత్తం పోయినా మీ ఇల్లు నడుస్తుంది అనే అమౌంట్ ఎంత?" ఎంత సంపాదిస్తావు అని కాదు, ఎంత పోయినా తట్టుకుంటావు అని. సరస్ సరస్వతి అనే ప్రొఫెసర్ బాగా అనుభవం ఉన్న 27 మంది వ్యాపారస్తులు ఎలా ఆలోచిస్తారో కూర్చోబెట్టి పరిశీలించారు, ఆవిడ చెప్పింది కూడా ఇదే, వాళ్ళు ముందు లాభం అంచనా వేసుకోరు, ఎంత నష్టం భరించగలమో చూసుకుని, నేనెవరు, నాకేం తెలుసు, నాకెవరు తెలుసు అన్న దగ్గర్నుంచి మొదలెడతారు అని. ఆ అంకె నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాయించండి. ఐడియా ఏదైనా సరే మొదటి ప్రయత్నం ఆ అంకె దాటకూడదు.

రెండో వారం ఐడియా. ఒక్క వాక్యంలో రాయమనండి, ఎవరికి, ఏం అమ్ముతాను, ఎంతకి, ఇప్పుడు వాళ్ళు అది ఎక్కడ కొంటున్నారు. నాలుగోది చాలామంది ఖాళీ వదిలేస్తారు, "ఇక్కడ ఎవరూ చేయట్లేదు సార్" అంటారు గర్వంగా. ఎవరూ చేయట్లేదంటే ఒకోసారి కొనేవాళ్ళు లేరని కూడా అర్థం. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి ఒక రోజంతా తిరగమనండి, రైతుబజార్లో నిలబడమనండి, జనం దేనికి డబ్బు తీస్తున్నారో కళ్ళతో చూడమనండి.

ఫ్రెండ్స్‌ని, చుట్టాల్ని అడిగి వచ్చిన మెచ్చుకోళ్ళు నేను లెక్కలోకి తీసుకోను. మనవాళ్ళు మన మొహం మీద బాగోలేదని ఎప్పుడైనా అంటారా? పరిచయం లేనివాళ్ళని అడగాలి, అది కూడా "నేను పెడితే కొంటారా" అని కాదు, దానికి అందరూ కొంటామనే అంటారు. "పోయిన నెల ఎక్కడ కొన్నారు, ఎంతైంది, దాంట్లో మీకు నచ్చనిది ఏంటి" అని అడగాలి. జరిగిపోయిన దాని గురించి జనం అబద్ధం చెప్పరు, జరగబోయే దాని గురించి మర్యాదకి ఏదో ఒకటి చెప్తారు.

మధురవాడలో ఐటీ ఉద్యోగం చేసే ఒక తమ్ముడు బీచ్ రోడ్డులో కేఫ్ అన్నాడు. ఇది ఎంతమంది అడుగుతారో చెప్పలేను, ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది మరి. అతనితో లెక్క వేయించాను. అద్దె 40 వేలు, ఇద్దరు పనివాళ్ళు 30 వేలు, కరెంటు, నీళ్ళు, చిల్లర 10 వేలు అనుకుందాం, నెలకి 80 వేలు, ఒక్క కప్పు అమ్మకపోయినా పోయే డబ్బు ఇది. ఒక్కో బిల్లు సగటున 100 రూపాయలు, అందులో సరుకు 40 పోతే చేతికి 60. 80 వేలని 60తో భాగిస్తే నెలకి 1,334 బిల్లులు, అంటే రోజుకి 45. "ఓహ్, 45 ఏముంది సార్" అన్నాడు. సరే, నీ ఇంటి ఖర్చు 30 వేలు, లోన్ కిస్తీ 20 వేలు కలుపు అన్నాను. లక్షా 30 వేలు. రోజుకి 72 దాటాలి, వానరోజు కూడా, పరీక్షల టైంలో కూడా. ఇప్పుడు వెళ్ళి నీలాంటి కేఫ్ ముందే నిలబడి మంగళవారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎంతమంది లోపలికెళ్ళారో గీతలు గీసుకురా, ఆదివారం కూడా గీసుకురా, రెండూ పక్కపక్కన పెడదాం అన్నాను. మూడు మంగళవారాలు లీవ్ పెట్టి మరీ వెళ్ళాడు. నాలుగోసారి వచ్చినప్పుడు కేఫ్ ఊసెత్తలేదు, వాళ్ళ ఆఫీసు పక్కన సాయంత్రం స్నాక్స్‌కి జనం బయటికొచ్చి రోడ్డు మీద వెతుక్కుంటున్నారు, అక్కడ లెక్క ఎలా ఉంటుందో అని అడిగాడు. నేను వద్దు అని ఒక్కసారి కూడా అనలేదు, గమనించండి.

గాజువాక నుంచి వచ్చిన ఒక అక్క రొయ్యల పచ్చడి కథ మాత్రం నాకే కళ్ళు తెరిపించింది. పచ్చడి అద్భుతం, అందులో రెండో మాట లేదు, కేజీ వెయ్యికి తెలిసినవాళ్ళకి ఇస్తున్నారు, బ్రాండ్ పెడదామని ఆశ. ఈసారి పెట్టేటప్పుడు ప్రతి స్టేజీలో కాటా పెట్టి తూచండి అన్నాను. కేజీ రొయ్యలు 400కి కొన్నారు. తల, తొక్క తీసేస్తే సగం పోయింది, వేయించేసరికి నీరంతా పోయి ఇంకా తగ్గింది, నూనె, మసాలా, అల్లంవెల్లుల్లి అన్నీ కలిపాక వచ్చిన పచ్చడి 600 గ్రాములు. నూనె మసాలాలకి 150, గ్యాసు 30, డబ్బాలు లేబుళ్ళు 40, మొత్తం 620. అంటే కేజీ పచ్చడికి 1,033 రూపాయలు ఖర్చు, అమ్మేది వెయ్యికి, ఆవిడ కష్టం విలువ సున్నా వేసుకున్నా కేజీకి 33 నష్టం. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ నష్టం ఎందుకు కనపడలేదంటే నూనె, కారం ఇంటి సరుకుల్లోంచే తీశారు, ఆ ఖర్చు కిరాణా బిల్లులో కలిసిపోయింది. ఇంట్లోంచి మొదలయ్యే ఏ ఫుడ్ వ్యాపారానికైనా ఇది తప్పకుండా చేయించండి, కాటా పెట్టకుండా రేటు పెట్టనివ్వొద్దు.

తర్వాత పావుకేజీ డబ్బా 400 పెట్టి, తెలియనివాళ్ళకే అమ్మి చూడమన్నాను, పది డబ్బాలే. ఏడు అమ్ముడుపోయాయి, రెండు వారాల్లో ముగ్గురు మళ్ళీ అడిగారు. నాకు ఆ ఏడు కంటే ఈ ముగ్గురే ముఖ్యం. అప్పుడు మాత్రమే మిగతా విషయాల్లోకి వెళ్ళాం, తినే సరుకు అమ్మాలంటే చేయించుకోవాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, లేబుల్ మీద తయారీ తేదీ, ఎన్నాళ్ళు నిలవుంటుందో. ఇంకా సీజన్. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం, ఫిషింగ్ హార్బర్లో మరబోట్లు కదలవు, సముద్రం రొయ్య పెద్దగా దొరకదు, చెరువు రొయ్యకి డిమాండ్ పెరుగుతుంది. ఆ రెండు నెలలు ఏ రేటుకి కొంటారు, అమ్మే రేటు పెంచుతారా, వెజ్ పచ్చళ్ళకి మారతారా? మామిడికాయల సీజన్ సరిగ్గా అప్పుడే కాబట్టి ఆవకాయ అన్నారు ఆవిడే. కార్తీకమాసంలో నీచు మానేసే ఇళ్ళెన్ని, అది కూడా రాసుకున్నారు. ఏ వ్యాపారమైనా పన్నెండు నెలల పట్టిక గీయించండి, మన పండగలు, పెళ్ళి ముహూర్తాలు, మూఢాలు, టూరిస్టులు అరకు వెళ్ళే చలికాలం, అన్నీ పెట్టి. అక్టోబరు నవంబరు గళ్ళలో తుపాను అని రాయించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊర్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్ మీద ఆధారపడిన సరుకంతా ఏమైందో అప్పుడున్నవాళ్ళకి తెలుసు. వారం కరెంటు పోతే మీ సరుకు సంగతి ఏంటి అన్న ప్రశ్నకి జవాబు ఉండాలి.

లోన్ల గురించి అందరూ మొదటిరోజే అడుగుతారు, నేను చివర్లోనే చెప్తా. స్కీము చూసి వ్యాపారం వెతుక్కునేవాళ్ళు చాలామంది, అది తిరగేసిన పద్ధతి. టూకీగా చెప్పాలంటే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీ, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్లో మీరే చేసుకోవచ్చు, దానికి ఎవరికీ వేలకి వేలు ఇవ్వొద్దు. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్లలో శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళకిచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో సబ్సిడీ ఉంటుంది, జనరల్ వాళ్ళకి పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25, మహిళలు, ఎస్సీ ఎస్టీ బీసీ వాళ్ళలాంటి స్పెషల్ కేటగిరీకి 25, 35. కానీ ఆ సబ్సిడీ చేతికి రాదు, బ్యాంకులో మూడేళ్ళు డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్లో సర్దుబాటు అవుతుంది, అది డబ్బు చేతికొస్తుందనుకుని ప్లాన్ వేసుకున్నవాళ్ళని చూశాను, పాపం. రూల్స్ మారుతుంటాయి కాబట్టి అప్లై చేసేముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోమనండి. టెక్నాలజీ ఐడియా అయితే ఆంధ్రా యూనివర్సిటీలో కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే ఇంక్యుబేషన్ సెంటర్ ఉంది, ఐఐఎం విశాఖపట్నంలో ఉంది, మెడికల్ పరికరాలైతే మెడ్‌టెక్ జోన్ ఉంది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి బ్యాంకులు నడిపే శిక్షణ సంస్థ ఆర్‌సెటీలో ట్రైనింగ్ ఫ్రీ, భోజనం వసతి కూడా. అక్కడికి వెళ్ళినా వాళ్ళు అడిగేది ఇవే లెక్కలు, నోట్‌బుక్ నిండి ఉంటే ఇబ్బంది ఉండదు.

ఇక చివరికి ఏం చెప్పాలి? నేను నోట్‌బుక్ వాళ్ళ ముందే తెరిచి, మూడు దార్లు చెప్పి వాళ్ళనే ఎంచుకోమంటా. ఇప్పుడే చిన్నగా మొదలెట్టడం, ఉద్యోగం చేస్తూనే మూడు నెలలు శని ఆదివారాలు టెస్ట్ చేయడం, లేదా ముందు ఫలానాది నేర్చుకుని ఆరు నెలల తర్వాత రావడం. మూడోది ఎంచుకున్నవాళ్ళతో ఇంకాస్త ప్రేమగా మాట్లాడండి, వాళ్ళు ఓడిపోయినట్టు ఫీలై ఇంటికెళ్ళకూడదు. ఎవరి దగ్గర పని నేర్చుకోవచ్చో ఒక ఫోన్ కలపండి, మీకు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. నాలుగు మంచి మాటలు చెప్పి పంపేకంటే ఆ ఒక్క ఫోన్ ఎక్కువ పనిచేస్తుంది.

మొదలెట్టినవాళ్ళకి పదిహేను రోజులకోసారి మీరే ఫోన్ చేయండి, వాళ్ళు చేస్తారని చూడొద్దు, బాగా నడవనప్పుడు ఎవరూ చేయరు, అప్పుడే మన అవసరం ఎక్కువ. ఎలా ఉంది అని అడిగితే "పర్లేదండీ" అంటారు. నిన్న ఎంత అమ్మారు, ఎంత బాకీ ఉంది, మళ్ళీ వచ్చినవాళ్ళు ఎందరు, ఈ మూడు అంకెలు అడగండి. ఆ వెల్డర్ గారి భార్య ఇప్పుడు నేను అడక్కముందే నెల మొదట్లో ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. పోయిన నెల పేజీలో బాకీల గడిలో ఒక్క పేరే ఉంది, దాని పక్కన ఏ తారీఖున వెళ్ళి అడగాలో కూడా ఆవిడే రాసుకున్నారు.